కేస్ ఇంటర్వ్యూ: ఫ్రేమ్‌వర్కులన్నీ వచ్చు, ఎదురుగా మనిషి కూర్చుంటే మాత్రం కదలట్లేదు. ఎలా ప్రాక్టీస్ చేయాలి?

నీలిపెన్ను:

అక్కలకీ అన్నలకీ నమస్తే. ఇంజనీరింగ్ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. రెండు కన్సల్టింగ్ కంపెనీలు నా రెజ్యూమె చూసి షార్ట్‌లిస్ట్ చేశాయి. వచ్చే నెలలో మొదటి రౌండు, రెండు చోట్లా కేస్ ఇంటర్వ్యూలే, అంటే ఒక కంపెనీ సమస్య చెప్పి, దాన్ని మనచేత అక్కడికక్కడే విప్పించే ఇంటర్వ్యూలు. మా బ్యాచ్‌లో ఇటువైపు వెళ్తున్నవాళ్లు పెద్దగా లేరు, అడగడానికి సీనియర్లు కూడా ఎవరూ తెలీదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బిజినెస్ స్కూళ్ల కన్సల్టింగ్ క్లబ్బులు తయారుచేసే కేస్‌బుక్కులు (ప్రాక్టీస్ కేసుల పుస్తకాలు) నెట్‌లో దొరికితే వరసగా చదువుతున్నాను. లాభం పడిపోయిన కేసు, కొత్త మార్కెట్లోకి వెళ్లాలా వద్దా అనే కేసు, ధర ఎంత పెట్టాలనే కేసు, ఇంకో కంపెనీని కొనాలా అనే కేసు, ఇలా ఒక్కో రకానికి ఒక్కో ఫ్రేమ్‌వర్క్ (సమస్యని ఏయే భాగాలుగా విడగొట్టాలో చూపించే పటం) ఉంది కదా, అవన్నీ చూడకుండా గీయగలను. చదివేటప్పుడు పేజీ తిప్పకముందే జవాబు తడుతోంది కూడా.

నిన్న మా రూమ్మేట్ ఒక పుస్తకం పట్టుకుని నాకు కేసు ఇచ్చాడు. "ఒక జిమ్‌ల సంస్థకి సభ్యులు పెరుగుతున్నారు, లాభం మాత్రం తగ్గుతోంది, ఏం జరుగుతోంది?" అన్నాడు. ఆదాయం, ఖర్చు, ఆదాయమంటే ధర ఇంటూ సంఖ్య, ఖర్చంటే స్థిరంగా ఉండేవి, అమ్మకాన్ని బట్టి మారేవి, ఇలా చెట్టు గీసి చూపించాను. "బాగుంది. ఇందులో ముందు ఏది చూద్దాం? ఎందుకు?" అని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాడికి కన్సల్టింగ్ గురించి ఏమీ తెలీదు, మామూలుగా ఎవరైనా అడిగే ప్రశ్నే అడిగాడు.

ఇంకా ఎన్ని కేసులు చదివితే ఇది పోతుంది? లేక నేను చదివే పద్ధతే మార్చాలా? లెక్కలు కూడా నెమ్మదే, మిలియన్లు బిలియన్లు వస్తే మనసులో లక్షలు కోట్లు చేసుకుని మళ్లీ వెనక్కి మారుస్తున్నాను. దయచేసి వివరంగా చెప్పండి.

చదరంగం64:

ఎక్కువ కేసులు చదవడమే మార్గం అని నా అభిప్రాయం. ఏ పరిశ్రమలో ఖర్చు దేనిమీద పోతుందో, ఆదాయం ఎటునుంచి వస్తుందో చదవకపోతే తెలీదు. విమానయాన సంస్థ అంటే ఇంధనం, సిబ్బంది, విమానాల అద్దెలు, సీట్లు ఎంత నిండాయి అన్నది వెంటనే తట్టాలి. ఇన్సూరెన్స్ అంటే ప్రీమియం, క్లెయిములు, ఆ మధ్యలో డబ్బు పెట్టుబడిగా తెచ్చే రాబడి. ఇవి ఎన్ని కేసులు చూస్తే అంత బాగా పట్టుబడతాయి. చదవడం ఆపొద్దు.

గోధూళి:

నీలిపెన్ను గారూ, నేను కన్సల్టింగ్‌లోనే పనిచేస్తున్నాను. కాలేజీలో ఉన్నప్పటినుంచీ జూనియర్లకి మాక్ కేసులు (ప్రాక్టీస్ ఇంటర్వ్యూలు) ఇస్తున్నాను, ఇప్పటికీ వీలైన వారాంతాల్లో ఇస్తుంటాను. మీరు రాసింది చదివాక కాస్త వివరంగా చెప్పాలనిపించింది.

మీ రూమ్మేట్ అడిగాడు చూశారూ, "ముందు ఏది చూద్దాం, ఎందుకు?" అని, కేస్ ఇంటర్వ్యూ మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. చెట్టు గీయడం ఎవరైనా నేర్చుకోగలరు. ఏ కొమ్మ మీద ముందు చెయ్యి వేయాలో, ఎందుకు అక్కడే వేయాలో చెప్పడమే ఇంటర్వ్యూయర్ వినాలనుకునేది. కేస్‌బుక్కు చదివితే ఇది రాదు. పుస్తకంలో ప్రశ్న కిందే జవాబు ఉంటుంది, మీకు తట్టిందో పుస్తకం తట్టించిందో మీకే తేడా తెలీదు.

అందుకని నా సలహా: కేసులు చేయడం కంటే ముందు కేసులు ఇవ్వడం మొదలుపెట్టండి. ఇంటర్వ్యూయర్ కుర్చీలో మీరు కూర్చోండి. మీ రూమ్మేట్‌కి ఇవ్వండి, ఇంటర్వ్యూలకి చదువుతున్న ఇంకెవరైనా ఆన్‌లైన్‌లో దొరికితే వాళ్లకి ఇవ్వండి. డేటా మీ చేతిలో ఉంటుంది, ఎదుటివాళ్లు అడిగితేనే ఇస్తారు. అప్పుడు ఏ ప్రశ్న కేసుని ముందుకు నడిపిందో, ఏది ఊరికే టైమ్ తిన్నదో మీ కళ్లముందే తేలిపోతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను తరచుగా ఇచ్చే కేసు ఇది, అంకెలు నేనే కట్టినవి.

లిఫ్టులు తయారుచేసి బిగించే కంపెనీ. వాటికి మెయింటెనెన్స్ కాంట్రాక్టులు కూడా అమ్ముతుంది. ఏడాదిలో అమ్మకాలు 300 మిలియన్ల నుంచి 360 మిలియన్లకి పెరిగాయి. లాభం 50 నుంచి 48కి తగ్గింది. ఎందుకు?

ఎక్కువమంది "అమ్మకాలు పెరిగి లాభం తగ్గిందంటే ఖర్చు పెరిగింది" అంటారు, ఖర్చు కొమ్మలోకి దిగిపోతారు. ముడిసరుకు ధర పెరిగిందా, జీతాలు పెరిగాయా, అద్దెలు పెరిగాయా అని ఒక్కొక్కటే అడుగుతారు. నేను అన్నిటికీ "లేదు" అంటూ ఉంటాను. పది నిమిషాలు పోతాయి. అడిగిన ప్రశ్నల్లో తప్పు లేదు, కాకపోతే ఏ కంపెనీనైనా అడగదగ్గ ప్రశ్నలవి, ఈ కంపెనీని చూసి పుట్టినవి కావు.

కేసు బాగా చేసేవాళ్లు మొదట ఒక్క మాట పట్టుకుంటారు: ఈ కంపెనీ రెండు వేరువేరు వ్యాపారాలు చేస్తోంది. లిఫ్టు ఒకసారి అమ్ముడుపోతుంది, మెయింటెనెన్స్ ఏటేటా వస్తుంది. "రెండింటి అమ్మకాలూ, మార్జిన్లూ విడివిడిగా ఇస్తారా?" అని అడుగుతారు. అప్పుడు నేను కాగితం ఇస్తాను. నిరుడు కొత్త లిఫ్టులు 200 మిలియన్లు, మెయింటెనెన్స్ 100. ఈ ఏడు కొత్త లిఫ్టులు 300, మెయింటెనెన్స్ 60. మార్జిన్లు, అంటే అమ్మకాల్లో లాభం శాతం, రెండేళ్లూ ఒకటే: లిఫ్టుల మీద 10 శాతం, మెయింటెనెన్స్ మీద 30 శాతం. ఇప్పుడు లెక్క వేయండి. నిరుడు 20, 30 కలిపి 50. ఈ ఏడు 30, 18 కలిపి 48. ఏ ఒక్క వ్యాపారంలోనూ ఖర్చు శాతం పెరగలేదు. లాభం ఎక్కువున్నది కుంచించుకుపోయింది, తక్కువున్నది పెరిగింది, అంతే. లిఫ్టుల వ్యాపారంలో నిజంగానే లాభంలో పెద్ద వాటా సర్వీసు నుంచే వస్తుంది, కాబట్టి ఇది గాలిలో కట్టిన కేసు కూడా కాదు.

ఇక్కడిదాకా చాలామంది వస్తారు. "మెయింటెనెన్స్ ఎందుకు పడిపోయింది?" అంటే ఇంకో కాగితం ఉంది: కాంట్రాక్టు ఒక్కింటికి ఏడాదికి 5,000, నిరుడూ అంతే ఈ ఏడూ అంతే. కాంట్రాక్టులు 20,000 నుంచి 12,000కి పడ్డాయి. పోయినవాటిలో ఎక్కువ పదేళ్లు దాటిన లిఫ్టులవి, చిన్నచిన్న స్థానిక మెకానిక్కుల దగ్గరికి వెళ్లిపోయాయి.

ఒకమ్మాయి ఇక్కడ ఆగి, తన కాగితం వంక చూసుకుంటూ అన్నమాట నాకు ఇంకా గుర్తుంది. "కాంట్రాక్టులు 40 శాతం తగ్గాయి, మార్జిన్ మాత్రం 30 దగ్గరే ఉంది. మెయింటెనెన్స్‌లో పెద్ద ఖర్చు మెకానిక్కుల జీతాలే అయ్యుండాలి. కాంట్రాక్టులు పోతే ఆ ఖర్చు దానంతటది తగ్గదు. అంటే కంపెనీ మెకానిక్కుల్ని తగ్గించింది. ముందు తగ్గించి, లిఫ్టు ఆగిపోతే మనిషి ఆలస్యంగా వస్తున్నాడని కస్టమర్లు వెళ్లిపోయారా? లేక కస్టమర్లు పోయాక తగ్గించారా? ఏది ముందు జరిగింది?" అంది. నా కేసులో దీనికి డేటా లేదు. ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "ముందు తగ్గించారనుకో" అన్నాను. అప్పటినుంచీ కేసులో ఆ కాగితం కూడా పెట్టాను.

ఆ అమ్మాయి ఏ ఫ్రేమ్‌వర్కూ వాడలేదు. మారాల్సిన అంకె మారకపోవడం ఆమెకి కనిపించింది. ఇలాంటి చూపు కేసు ఇచ్చేవాళ్లకి తొందరగా అలవడుతుంది. ఒకే కేసుని నలుగురికి ఇస్తే, అదే కాగితాన్ని నలుగురూ నాలుగు రకాలుగా చదవడం చూస్తారు. వాళ్లలో ఒకరు మీరు చూడనిది చూస్తారు. సొంతంగా చదువుకుంటే ఇది దొరకదు.

చదరంగం64 గారు చెప్పినట్టు పరిశ్రమల గురించి తెలియడం అవసరమే, కాదనను. దానికి కేస్‌బుక్కుల కంటే కంపెనీల వార్షిక నివేదికలు మేలు. ఒక విమానయాన సంస్థది, ఒక బ్యాంకుది, ఒక మందుల కంపెనీది తెరిచి, ఆదాయం ఎన్ని ముక్కలుగా చూపించారో, ఖర్చుల్లో పెద్దది ఏదో చూడండి. ఒక్కోదానికి అరగంట చాలు. కేసులోని చెట్టు కొమ్మలు అక్కడినుంచి రావాలి.

వేకువచుక్క:

గోధూళి గారు పద్ధతి చెప్పారు కాబట్టి నేను లెక్కల సంగతి చెప్తాను. ఇది నాకు ఇష్టమైన విషయం.

నీలిపెన్నూ, లక్షలు కోట్లలోకి మార్చడం ఆపేయండి. కేసు మిలియన్లలో వస్తే మొదటినుంచి చివరిదాకా మిలియన్లలోనే నడపండి, కాగితం పైన మూలగా "అన్నీ మిలియన్లలో" అని రాసుకోండి. మధ్యలో మారిస్తే సున్నా జారుతుంది. పోలిక కోసం మాత్రం ఇవి నోటికి రావాలి: మిలియన్ అంటే 10 లక్షలు, 10 మిలియన్లు కోటి, బిలియన్ అంటే 100 కోట్లు. ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. ఇంతకుమించి అక్కర్లేదు.

భిన్నాలు శాతాలుగా తెలిసుండాలి. ఆరో వంతు 16.7, ఏడో వంతు 14.3, ఎనిమిదో వంతు 12.5, తొమ్మిదో వంతు 11.1. పై కేసులోనే చూడండి, 300కి 50 అంటే ఆరో వంతు, అంటే 16.7 శాతం మార్జిన్. 360కి 48 అంటే? 36 అంటే పది శాతం, మిగిలిన 12 అంటే అందులో మూడో వంతు, కలిపి 13.3. పెన్ను కదపక్కర్లేదు. 17.5 శాతం అడిగితే 10, 5, 2.5 ముక్కలు చేసి కలపండి. ఏటా 8 శాతం పెరిగేది ఎన్నేళ్లకి రెట్టింపు అవుతుందంటే 72ని 8తో భాగించండి, సుమారు 9 ఏళ్లు.

వేగం కంటే ముఖ్యం, లెక్క మొదలుపెట్టే ముందు ఏం లెక్క కడుతున్నారో ఒక వాక్యంలో చెప్పడం. "రెండు వ్యాపారాల లాభం విడిగా కట్టి కలుపుతాను" అని చెప్పి మొదలుపెడితే, మధ్యలో అంకె తప్పినా ఎదుటివాళ్లు పట్టుకుని సరిచేయగలరు. మౌనంగా కట్టి చివర తప్పు అంకె చెప్తే వాళ్లకి మీ ఆలోచన ఎక్కడ పోయిందో తెలీదు. అంకె వచ్చాక కూడా అక్కడ ఆగిపోవద్దు. "48 వచ్చింది" అనేది సగం జవాబే. "48 వచ్చింది, అంటే తగ్గిన 2 మిలియన్లూ ఖర్చు పెరగడం వల్ల కాదు, మెయింటెనెన్స్ వాటా పోవడం వల్ల" అంటే పూర్తి జవాబు.

మార్కెట్ సైజు అడిగే ప్రశ్నలు కూడా ఒంటరిగా బాగా ప్రాక్టీస్ చేయొచ్చు. లిఫ్టుల కేసే తీసుకుందాం: కోటి జనాభా ఉన్న నగరంలో లిఫ్టులెన్ని? ఇంటికి నలుగురు అనుకుంటే 25 లక్షల ఇళ్లు. వాటిలో 40 శాతం లిఫ్టు అవసరమయ్యే ఎత్తు భవనాల్లో ఉన్నాయనుకుంటే 10 లక్షలు. లిఫ్టుకి 40 ఇళ్లు అనుకుంటే 25,000 లిఫ్టులు. ఆఫీసులు, ఆసుపత్రులు, హోటళ్లు, స్టేషన్లు కలిపి ఇంకో సగం వేసుకుంటే 37,500, సుమారుగా 40,000. ఇప్పుడు తిరగేసి చూడండి: 250 మందికి ఒక లిఫ్టు. నమ్మేలా ఉందా? ఉంది అనిపిస్తే ముందుకి, లేకపోతే ఏ ఊహ బలహీనమో మీరే చెప్పండి. ఇందులో ఎక్కువ అనుమానం ఉన్నది ఆ 40 శాతం మీదే. అది 20 అయితే ఇళ్ల లిఫ్టులు సగమైపోతాయి. ఈ మాట మీ నోటినుంచే రావాలి, వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

నీలిపెన్ను:

చాలా చాలా థాంక్స్. గోధూళి అక్కా, లిఫ్టుల కేసు మా రూమ్మేట్‌కి ఇచ్చి చూశాను. వాడు ఖర్చు కొమ్మలోకే వెళ్లాడు, మీరు చెప్పినట్టే అన్నీ అడిగాడు. నాకు జవాబు తెలుసు కాబట్టి వాడి ప్రశ్న ఒక్కొక్కటీ ఎందుకు దారి తప్పుతోందో కనిపించింది. ఇచ్చినంతసేపూ నాకు ఒక్కటే అనిపించింది, కేసు చెప్పిన మొదటి వాక్యంలోనే రెండు వ్యాపారాలని చెప్పేశాను కదా, వాడు ఆ మాట విననట్టే వెళ్లిపోయాడు అని.

ఇంకో రెండు సందేహాలు. కేసు వినగానే ఆలోచించుకోవడానికి టైమ్ అడగొచ్చా, ఎంతసేపు అడగొచ్చు? రెండోది, కంపెనీని బట్టి పద్ధతి మారుతుందా? ఒకచోట ఇంటర్వ్యూయరే నడిపిస్తారు, ఇంకోచోట మనమే నడపాలి అని విన్నాను.

చదరంగం64:

రెండోదానికి నేను చెప్తాను. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు మూడింటి సంగతి చూద్దాం: మెకిన్సీ, బీసీజీ, బెయిన్. మెకిన్సీలో ఎక్కువగా ఇంటర్వ్యూయరే నడిపిస్తారు. ఒక ప్రశ్న అయ్యాక వాళ్లే ఇంకోదానికి తీసుకెళ్తారు, ప్రతి ప్రశ్నా దానికదే చిన్న పరీక్షలా ఉంటుంది. బీసీజీలో, బెయిన్‌లో ఎక్కువగా అభ్యర్థే నడపాలి, ఏ డేటా కావాలో అడిగి తీసుకోవాలి. మెకిన్సీలో దీనితోపాటు మీ సొంత అనుభవం మీద ఇంటర్వ్యూ భాగం కూడా ఉంటుంది. ఒకే సంఘటన తీసుకుని లోతుగా తవ్వుతారు: మీరు సరిగ్గా ఏమన్నారు, అవతలివాళ్లు ఏమన్నారు, అప్పుడు మీరేం చేశారు అని. "మేమంతా కలిసి చేశాం" అనే మాట అక్కడ నిలవదు, "నేను" ఏం చేశానో చెప్పాలి. కేసుల హడావుడిలో చాలామంది ఈ భాగాన్ని ఆఖరి రోజుకి వదిలేస్తారు. దీనికీ టైమ్ కేటాయించండి. ఆఫీసుని బట్టి, ఏడాదిని బట్టి చిన్న మార్పులుంటాయి కాబట్టి మీకు వచ్చిన మెయిల్ జాగ్రత్తగా చదవండి, అర్థంకాకపోతే హెచ్‌ఆర్‌ని అడగండి, చెప్తారు. మూడు కంపెనీల వెబ్‌సైట్లలోనూ ప్రాక్టీస్ కేసులు ఉచితంగా ఉన్నాయి. అన్నిటికంటే ముందు అవి చేయండి, ఎందుకంటే వాళ్లు ఏం ఆశిస్తారో వాళ్లే రాసుకున్నారు.

గోధూళి గారూ, వార్షిక నివేదికల మాట నాకు నచ్చింది. కేసులు చదవమన్న నా సలహా మాత్రం వెనక్కి తీసుకోను. అసలేమీ చదవకుండా కేసు ఇవ్వడం కూడా కుదరదు కదా.

గోధూళి:

నిజమే చదరంగం64 గారూ, ఇవ్వాలంటే ముందు చదవాలి. మాక్ ఇచ్చే ముందు ఆ కేసుని మీకు మీరే పూర్తిగా విప్పుకోవాలి, ఏ ప్రశ్నకి ఏ కాగితం ఇవ్వాలో తెలియాలి. నేననేది, చదివిన ప్రతి కేసునీ కనీసం ఒకరికి ఇచ్చాకే ఇంకోటి తెరవమని.

నీలిపెన్నూ, టైమ్ తప్పకుండా అడగొచ్చు. "ఒక నిమిషం ఆలోచించుకుంటాను" అంటే ఎవరూ కాదనరు. దానికి ముందు చేయాల్సింది ఇంకోటుంది. కేసు విన్నాక మీ మాటల్లో తిరిగి చెప్పండి, లక్ష్యం ఏమిటో తేల్చుకోండి. "లాభం పెంచాలి" అంటే ఎంత, ఎన్నాళ్లలో? కంపెనీకి ముందే ఏవైనా వద్దనుకున్న దారులున్నాయా? రెండు మూడు ప్రశ్నలు, అంతే. ఆ నిమిషంలో కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని గీయండి, నిలువు కాగితం మీద చెట్టు తొందరగా ఇరుకైపోతుంది. కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోకూడదు, ఏదీ బయట మిగిలిపోకూడదు. కన్సల్టింగ్‌లో దీన్ని మీసీ (MECE) అంటారు, మీరు వినే ఉంటారు. చెట్టు ఎంత పెద్దదన్నది లెక్కలోకి రాదు. మూడు కొమ్మలు గీసి, "నేను రెండోదానితో మొదలుపెడతాను, ఎందుకంటే మీరు చెప్పిన మొదటి వాక్యంలో ఈ అంకె నాకు వింతగా అనిపించింది" అనగలిగితే చాలు.

మీ రూమ్మేట్ మొదటి వాక్యం విననట్టే వెళ్లిపోయాడన్నారు. మీరు జిమ్ కేసు చేసినప్పుడు ఆ మొదటి వాక్యంలో ఏముందో ఇప్పుడు మళ్లీ చూడండి. సభ్యులు పెరిగారు, లాభం తగ్గింది. ధర ఇంటూ సంఖ్యలో సంఖ్య పెరిగిందని వాళ్లే చెప్పేశారు. కాబట్టి ఆదాయం వైపు సందేహం ఒక్క ధర మీదే: సభ్యుడికి సగటున వచ్చేది తగ్గిందా? డిస్కౌంట్ ఇచ్చి చేర్చుకున్నారా? అది కాకపోతే పెరిగిన సభ్యుల కోసం కొత్త శాఖలు తెరిచారా, వాటి అద్దె ముందే మొదలైందా? రెండు ప్రశ్నలతో సగం చెట్టు పక్కకి పోతుంది. "ముందు ఏది చూద్దాం, ఎందుకు" అన్నదానికి జవాబు ఇదే.

నీలిపెన్ను:

అవునక్కా. ఇప్పుడు అర్థమైంది. వాడు మళ్లీ అడిగితే సభ్యుడికి సగటు ఆదాయంతో మొదలుపెడతాను.

ఆఖరి సందేహం. చివర్లో "సీఈఓ లిఫ్టులోకి ఎక్కారు, అరనిమిషం ఉంది, ఏం చెప్తావు" అంటారు కదా. అక్కడ నేను మొదటినుంచీ ఏం చేశానో చెప్పుకుంటూ పోతున్నాను, టైమ్ అయిపోతోంది.

వేకువచుక్క:

ఏం చేశారో సీఈఓకి అక్కర్లేదు, ఏం చేయమంటారో కావాలి. మొదటి వాక్యం అదే అవ్వాలి. లిఫ్టుల కేసుకే కడదాం, గోధూళి గారి అంకెలకి ఇంకో రెండు కలుపుతాను. తీసేసిన మెకానిక్కుల్ని కొంతమందిని వెనక్కి తెస్తే ఏడాదికి 6 మిలియన్లు ఖర్చనుకోండి. కాంట్రాక్టు 5,000లో స్పేర్ పార్టులూ మిగతావీ 2,000 పోతే, మెకానిక్కుల జీతానికి ముందు 3,000 మిగులుతుంది. 6 మిలియన్లని 3,000తో భాగిస్తే 2,000 కాంట్రాక్టులు. పోయినవి 8,000, వాటిలో నాలుగో వంతు తిరిగొస్తే ఖర్చు తీరిపోతుంది.

అప్పుడు చెప్పేది ఇలా ఉంటుంది: "మెకానిక్కుల్ని తిరిగి తీసుకుని పాత లిఫ్టుల కస్టమర్లని వెనక్కి తెచ్చుకోమని నా సిఫారసు. లాభం తగ్గింది ఖర్చు పెరిగి కాదు, 30 శాతం మిగిల్చే మెయింటెనెన్స్‌లో 8,000 కాంట్రాక్టులు పోవడం వల్ల. 2,000 తిరిగొస్తే పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. రిస్క్ ఒకటుంది, వెళ్లిపోయినవాళ్లు తక్కువ ధరకి అలవాటుపడి ఉండొచ్చు. అందుకని ముందు ఒక ప్రాంతంలో మూడు నెలలు చేసి చూద్దాం." అరనిమిషంలో అయిపోతుంది, చదివి చూడండి.

ప్రాక్టీస్‌కి ఒక పని చేయండి. కేసు అయిపోయాక కాగితాలు బోర్లించి, ఫోన్‌లో రికార్డ్ పెట్టి ఇది చెప్పండి. మర్నాడు వినండి. ఏ వాక్యం దగ్గర సీఈఓ "అయితే ఏంటి?" అంటాడో మీ చెవికే తెలుస్తుంది, దాన్ని తీసేయండి.

గోధూళి:

దీనికి ఒకటి కలుపుతాను. సిఫారసు చెప్పాక ఇంటర్వ్యూయర్ "నాకు నమ్మకం కలగట్లేదు" అని కావాలనే ఎదురు చెప్తారు కొన్నిసార్లు. వెంటనే మాట మార్చేయొద్దు, పట్టుదలకీ పోవద్దు. "ఏ భాగం మీద సందేహం?" అని అడగండి. వాళ్లు కొత్త సమాచారం ఇస్తే దాంతో అంకె మళ్లీ కట్టండి. కాంట్రాక్టు ధర 4,000కి తగ్గించాల్సి వస్తుందన్నారనుకోండి, మిగిలేది 2,000, అప్పుడు 3,000 కాంట్రాక్టులు రావాలి. ఇంకా 8,000లో సగం కూడా కాదు, కాబట్టి సిఫారసు నిలుస్తుంది, ఆ మాటే చెప్పండి. 3,000 ధరకి దిగాలంటే మాత్రం 6,000 కావాలి, అప్పుడు నిజంగానే మళ్లీ ఆలోచించాలి.

వీడియో ఇంటర్వ్యూ అయితే గీసిన కాగితాన్ని కెమెరాకి చూపించండి, పెద్ద అక్షరాలతో రాయండి. మీకు మాక్ ఇవ్వడానికి ఆదివారం సాయంత్రం నాకు వీలవుతుంది, మెసేజ్ పెట్టండి. వచ్చేటప్పుడు నాకు ఇవ్వడానికి మీరూ ఒక కేసు సిద్ధం చేసుకుని రండి.